నాచారమునుండి విమానశాలకు

మా కాపురము నాచారమున. ఒకవంక పారిశ్రామికవాడ, మరియొకవంక ఉప్పలు రాజమార్గము; నడుమ మావంటి గృహిణులకు దుమ్ము తుడుచుటయే యెడతెగని పని. ఉదయము తుడిచిన కిటికీపై మధ్యాహ్నమునకు వ్రేలితో పేరు వ్రాయవచ్చును. కావున తుడుచుటలో మాకు నేర్పవలసినదేమియు లేదని గర్వముండెడిది.

మావారి పూర్వశిష్యుడొకడు విమానము నడుప నేర్చుచున్నాడు. అతడు పిలువగా నొక యాదివారము ఉప్పలులో మెట్రో రైలెక్కితిమి. 2017లో నాగోలునుండి అమీరుపేటవరకు ఈ మార్గము తెరచినది మొదలు బేగంపేట మాకు పొరుగూరైనది. స్టేడియము దాటిన పిమ్మటి స్టేషను జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ పేరిటిది. 1961లో నెలకొన్న ఆ సంస్థవారు ఆకాశమునుండియు నేల లోపలి శిలలను పరీక్షించినారని మావారు చెప్పిరి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు బేగంపేట విడిచి శంషాబాదునకు తరలిపోయినవి. మేము చూడబోయినది నలుగురు మాత్రమే కూర్చుండు చిన్న విమానము.

దాని ముందుటద్దముపై చచ్చిన పురుగులను, దుమ్మును గాంచి, అలవాటు చొప్పున చీరచెంగుతో నొకమారు తుడిచితిమి. "అమ్మగారూ, వద్దండీ!" అని యతడు పరుగున వచ్చెను. అప్పటికే జరీయంచు తగిలి వెండ్రుకవంటి గీత పడినది.

అది గాజు కాదట, యాక్రిలిక్కు. గాజుకంటె తేలిక, గాజుకంటె మెత్తన. ఎండ యెదురైనపుడు ఇట్టి గీతలన్నియు మెరసి చోదకుని కన్నులు మిరుమిట్లు గొల్పును. ఎదుట వచ్చు వేరొక విమానము కానరాకపోవచ్చును. పొడిగుడ్డతో రుద్దినచో విద్యుత్తు పుట్టి, దుమ్ము మరల వచ్చి యంటుకొనును. పెట్రోలుగాని, అమ్మోనియా కలసిన ద్రవముగాని తగిలినచో సన్నని పగుళ్లు వారును. ముందుగా నీరు ధారాళముగ పోయవలెను. పిదప సబ్బునీటితో, గుడ్డతో గాక, వట్టి యరచేతితో తడుమవలెను. ఇసుకరేణువున్నచో చేతికి తెలియును, గుడ్డకు తెలియదు.

"ఉంగరములు, గడియారము తీసివేసి..." అనుచు మా చేతులవైపు చూచి యతడాగిపోయెను. గాజులు తీయుమని పుణ్యస్త్రీతో నెట్లనును! మేమే నవ్వి, గాజులను మోచేతివైపు త్రోసి, పైన తడిగుడ్డ చుట్టుకొంటిమి. ఉంగరము మావారి జేబులోనికి పోయినది.

సబ్బు ఎండిపోకుండ విమానమును నీడకు చేర్చి కడిగిరి. రెక్కక్రింద నొక సన్నని గొట్టము, ప్రక్కను సూదిబెజ్జమువంటి రంధ్రము కలవు. వేగమును, ఎత్తును కొలుచు సాధనములకు వానినుండియే గాలియొత్తిడి తెలియును. నీరు చొరకుండ ముందే వానిని కప్పియుంచిరి. 1996 అక్టోబరు 2న పెరూ దేశమున, లీమానుండి బయలుదేరిన ఏరోపెరూ వారి బోయింగు 757కు, శుభ్రపరచునప్పుడు ఇట్టి రంధ్రములపై నంటించిన టేపు తీయ మరచిరి. రాత్రివేళ, సముద్రముపైన, ఎంత యెత్తున నున్నారో నిజము తెలియలేదు. 70 మందియు మరణించిరి. ఇది విన్నపిదప మా చేతులు కొంతసేపు కదలలేదు. కప్పినవన్నియు తీసిరో లేదోయని మూడుమారులు చూచివచ్చితిమి. శిష్యుడు నవ్వలేదు; తానును మాతో కూడ చూచెను.

గీతను ప్రత్యేకమైన పాలిషుతో పోగొట్టవచ్చునని చెప్పి మమ్ము సాగనంపెను. ఉప్పలులో రైలు దిగి, ఉంగరమడుగగా, మావారు జేబులు తడుముకొన నారంభించిరి. రెండవ జేబున దొరకినది.