కారు నూనె పోసి ఎత్తు మీద ఆగిపోయాం

పోస్టు కొంచెం పెద్దది. బండి ఉన్నోళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మేం నలుగురం, ఒకే ఊరోళ్ళం. పాడేరులో డిగ్రీ చదువుతూ తలా కొంత వేసుకుని వంద సీసీ పాత బండి ఒకటి కొన్నాం. పేరుకే అది మాది. అంబులెన్సు మా ఊరిదాకా రాదు. డోలీ దించిన చోటు నుంచి ఆసుపత్రి దాకా ఆ బండే దిక్కు.

మొన్న డిసెంబర్‌లో ఆయిల్ మార్చాలి. మాలో ఒకడి మామ విశాఖలో కారు నడుపుతాడు. కారుకి పోయగా మిగిలిన డబ్బా ఇచ్చాడు. 5డబ్ల్యూ-30, ఖరీదైన సరుకు. కారుకే పనికొచ్చింది బండికి పనికిరాదా అనుకుని పోసేశాం.

పది రోజులకి ఒకడి అమ్మకి చలిజ్వరం. తెల్లవారుజామున మధ్యలో కూర్చోబెట్టుకుని బయల్దేరాం. ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్సలేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి కదలట్లేదు. కాలిన వాసన. అమ్మని దుప్పటి కప్పి రోడ్డు పక్కన కూర్చోబెట్టాం. సంతకెళ్ళే జీపు దొరకడానికి గంటన్నర పట్టింది. అమ్మ కోలుకుంది. ఆ గంటన్నర మాత్రం మాలో ఎవరం మర్చిపోలేదు.

మెకానిక్ అన్న తిట్టుకుంటూనే విప్పి చూపించాడు. కారులో క్లచ్ వేరేగా, పొడిగా ఉంటుంది. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. పెట్రోల్ కార్ల పల్చటి నూనెల్లో చాలావాటికి మైలేజీ కోసం జారుడు పెంచే మందు కలుపుతారు. ఆ మందు ప్లేట్లకి పడితే అవి ఒకదాన్నొకటి పట్టుకోవు. మా ప్లేట్లు మాడిపోయాయి. కొత్తవి వేయించడానికి ఇంట్లో మిరియాలు అమ్మిన డబ్బు పోయింది.

అందుకే డబ్బా వెనక్కి తిప్పి చూడండి. గేర్ల బండికి జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ రాసుండాలి. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లకి. తర్వాత అంకెలు. డబ్ల్యూ ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో నూనె అంత తొందరగా పారుతుంది. గుల్మార్గ్‌లో మంచు మీద నడుపుతారే, అలాంటి ఫోర్ స్ట్రోక్ బండ్లకి 0డబ్ల్యూతో మొదలయ్యేవి వాడేది అందుకే. మనకి అంత అక్కర్లేదు. కానీ లంబసింగి, చింతపల్లి వైపు పొద్దున్నే కిక్ కొట్టేవాళ్ళకి 20డబ్ల్యూ-40 కన్నా 10డబ్ల్యూ-30 సుఖం. మా బండి పుస్తకంలోనూ అదే రాసుంది. మీ పుస్తకంలో ఏముందో అదే పోయండి, షాపోడు ఏం చెప్పినా సరే.

సంతలో లూజు ఆయిల్ కొనొద్దు. సీలు చూసి కొనండి, ఖాళీ డబ్బా కోసి పడేయండి, లేకపోతే అందులోనే నకిలీది నింపి మళ్ళీ మనకే అమ్ముతారు. పాత నూనె గెడ్డలో పోయొద్దు, ఆ నీళ్ళే మనం తాగేది. మేం డబ్బాలో పట్టి గ్యారేజీకి ఇచ్చేస్తున్నాం.

ఇప్పుడు ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు సైడు డబ్బా మూత లోపల మార్కర్‌తో రాస్తున్నాం. ప్రతి ఆదివారం ఒకరు బండిని సమంగా ఉన్నచోట నిలబెట్టి పుల్ల తీసి చూడాలి. ఈ వారం వంతు ఆ కారు మామ మేనల్లుడిది. మామకి మాత్రం ఇంకా ఏం చెప్పలేదు.