సముద్రం కనిపించే గది

ఊరికి వెళ్ళడం తేలికే. వెళ్ళి ఎక్కడ దిగాలన్నదే పెద్ద చిక్కు.

మా చిన్నతనంలో ఈ చిక్కు లేదు. ఏ ఊళ్ళో అయినా ఓ పిన్నో, మేనత్తో, వాళ్ళూ లేకపోతే పిన్నిగారి తోటికోడలి అన్నగారో ఉండేవారు. ఓ కార్డు ముక్క రాసి పడేస్తే స్టేషన్‌కి వచ్చి మరీ తీసుకుపోయేవారు. కార్డు మనకన్నా రెండు రోజులు ఆలస్యంగా చేరినా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. చుట్టాలుండగా హోటల్లో దిగడమంటే వాళ్ళని వెలేసినట్టే లెక్క.

కిందటి ఏడాది ముంబయిలో తెలుగువాళ్ళు ఒక సభ పెట్టి, నవలల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. రానూ పోనూ రైలు ఖర్చులు వాళ్ళవి. బస మాత్రం మనమే చూసుకోవాలి. అమ్మ నా దగ్గరే ఉంటోంది కాబట్టి తనూ నాతో రావడానికి ఒప్పుకుంది.

అదే సమయానికి ఒక నవల మీద నాకు కాస్త డబ్బు వచ్చింది. మనసులో ఎప్పట్నుంచో ఉన్న కోరిక తలెత్తింది. నా నవలల్లో నాయికలు ఎన్నిసార్లు పెద్ద పెద్ద హోటళ్ళలో దిగారో లెక్కలేదు. పాలరాతి మెట్లు దిగుతూ వాళ్ళు హీరోల్ని తిరస్కరించారు, క్షమించారు, పెళ్ళి కూడా చేసుకున్నారు. ఆ మెట్లన్నీ రాసిన నేను మాత్రం జీవితమంతా మేనత్తల ఇళ్ళలో చాపల మీదే పడుకున్నాను. ఒక్క రాత్రి, ఒకే ఒక్క రాత్రి తాజ్‌మహల్ హోటల్లో ఎందుకు దిగకూడదు?

బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని కదా, గది వెతకబోయి చరిత్రలో పడ్డాను. ఆ హోటల్ తలుపులు తెరిచింది 1903 డిసెంబర్ 16న. ఎదురుగా ఉన్న గేట్‌వే ఆఫ్ ఇండియా 1911లో వచ్చిన జార్జి చక్రవర్తి రాకకు గుర్తుగా కట్టినది, పూర్తయింది 1924లో. అంటే ఇరవై ఏళ్ళపాటు గేటు లేకుండానే ఇల్లు నిలబడిందన్నమాట! కట్టించిన జంషెడ్జీ టాటా హోటల్ తెరిచిన అయిదు నెలలకే, 1904 మే నెలలో కన్నుమూశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అదే భవనాన్ని ఆసుపత్రిగా మార్చి గాయపడ్డ సైనికులకు వైద్యం చేశారు.

తెల్లవాళ్ళకే ప్రవేశం ఉన్న వాట్సన్ హోటల్లో జంషెడ్జీని రానివ్వలేదనీ, ఆ పంతంతోనే ఆయన దీన్ని కట్టించాడనీ అందరూ చెప్పుకుంటారు. కథ బాగుంది గాని చరిత్రకారులు దాన్ని గట్టిగా నమ్మరు. ఆ వాట్సన్ హోటల్ కథ మాత్రం నిజంగానే గొప్పది. ఇంగ్లండులో పోతపోసిన ఇనుప స్తంభాలు తెచ్చి నిలబెట్టారు. 1896 జూలై 7న మన దేశంలో మొట్టమొదటి సినిమా ఆట వేసింది అక్కడే. ఆ భవనమిప్పుడు శిథిలమై నిలబడి ఉంది. తాజ్ గురించి ఇంకో కథ, దాన్ని ముందు వెనకగా కట్టేశారని తెలిసి శిల్పి ఆత్మహత్య చేసుకున్నాడని. అదీ ఉత్తిదే. మొదటి ముఖద్వారం ఊరివైపే ఉండేది. ఇప్పుడక్కడ ఈతకొలను ఉంది. ప్లాను గీసిన సీతారామ్ వైద్య అనే ఆయన కట్టడం పూర్తికాకుండానే పోతే మిగతా పని ఛాంబర్స్ అనే ఆయన పూర్తిచేశాడు.

ఇవన్నీ రాత్రి భోజనాల దగ్గర మావారికి ఏకరువు పెట్టాను. ఆయన ఓపిగ్గా విని, "అద్దె ఎంత?" అన్నారు. ఫోన్ చేతికిచ్చాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. సున్నాలు తగ్గలేదు.

"ఇది నెలకా?"

"రాత్రికి."

"ఆ రాత్రి నిద్రపోతే నష్టం కదుటోయ్" అన్నారు.

నిజానికి ఆ హోటల్లో ఏ గది కావాలన్నదే ఇంకో పరీక్ష. పాత భవనంలో ఒక ధర, డెబ్భైల్లో పక్కన కట్టిన ఎత్తయిన మేడలో ఒక ధర. సముద్రంవైపు ఒక ధర, ఊరివైపు ఒక ధర. సముద్రం ఎవరిదీ కాదంటారు గాని కిటికీలోంచి చూడాలంటే మాత్రం అద్దె ఉంది. పోనీ చవకలో ఇంకేదైనా పాతకాలపు హోటల్ ఉందేమోనని వెతికాను. ఒకచోట 'హెరిటేజ్' అని పెద్ద అక్షరాలతో రాశారు. ఫోన్ చేసి, "ఆ హెరిటేజ్ ఏమిటండీ?" అని అడిగాను. అవతలాయన కాసేపు ఆలోచించి, "లిఫ్టు చాలా పాతదండీ" అన్నాడు.

ఈలోగా డోంబివలీలో ఉండే మా పిన్ని కొడుక్కి సంగతి తెలిసింది. "ఇల్లు పెట్టుకుని హోటలేమిటక్కా? మేం చచ్చామా?" అని ఫోన్లో మండిపడ్డాడు. వాడిల్లంటే ఒక గది, ఒక వంటిల్లు, నలుగురు మనుషులు. లోకల్ రైల్లో సభకి రానూ పోనూ సగం రోజు పోతుంది. అయినా వాడి కోపంలో న్యాయముంది.

ఇంత రభసలో అమ్మ ఒక్క మాటా అనలేదు. నేను తాజ్‌లో గది తీసుకోవడానికే నిశ్చయించుకుని ఫోన్ తెరిచేసరికి, "అక్కడొద్దు" అంది.

"డబ్బు నాదేలే అమ్మా."

"డబ్బు గురించి కాదు. అక్కడికి నేను రాను" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పక్కమీద కూర్చుని తనే చెప్పింది. మా నాన్నగారు గుంతకల్లు స్టేషన్లో బుకింగ్ క్లర్కు. పెళ్ళయిన మరుసటేడు, 1977లో, రైల్వే పాసు మీద అమ్మని బొంబాయి తీసుకెళ్ళారు. స్టేషన్ విశ్రాంతి గదిలో దిగారు.

"గేట్‌వే దగ్గర నిలబడ్డాం. వాన వచ్చి వెలిసింది. మీ నాన్న జేబులోంచి ఓ కవరు తీశారు. అందులో ఇరవై రూపాయలున్నాయి. 'ఇది నీకోసం విడిగా దాచాను. ఆ హోటల్లోకెళ్ళి టీ తాగుదాం పద' అన్నారు. నా ఎడమ చెప్పు ఉంగటం ముందురోజే ఊడిపోతే పిన్నీసు పెట్టుకున్నాను. లోపల నేల అద్దంలా ఉంటుందని ఆయనే చెప్పారు. ఆ నేలమీద ఈ చెప్పుతోనా అనిపించింది. చెప్పు సంగతి చెబితే ఆ ఇరవై పెట్టి చెప్పులు కొంటారు. అందుకని తలనొప్పిగా ఉంది, వెళ్ళిపోదాం పదండి అన్నాను."

"నాన్నగారేమన్నారు?"

"ఏమంటారు? దారిలో మాత్రలు కొన్నారు. లేని తలనొప్పికి రెండు మాత్రలు మింగాను."

2008 నవంబర్‌లో ఆ హోటల్ మీద ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు నాన్నగారు మూడు రోజులూ టీవీ ముందు నుంచి లేవలేదు. గుమ్మటం మీదుగా పొగ లేస్తుంటే చూస్తూ, "ఆవేళ నీకు తలనొప్పి రాకపోయుంటే లోపల చూసి ఉండేవాళ్ళం కదూ" అన్నారట. ఆ హోటల్లో 31 మంది చనిపోయారు.

"అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. అక్కడ మనుషులు చచ్చిపోతూంటే నా చెప్పు గొడవేమిటని ఊరుకున్నాను. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. రెండేళ్ళు తిరక్కుండా ఆయనే వెళ్ళిపోయారు" అంది అమ్మ.

నేను రచయిత్రిని. మాటలమ్ముకుని బతికేదాన్ని. ఆ రాత్రి నాకు ఒక్క మాటా దొరకలేదు.

సభ జరిగే చోటికి దగ్గర్లో మామూలు లాడ్జిలో గది తీసుకున్నాను. 'సముద్రం కనిపించే గది' అని చెప్పి మరీ ఇచ్చారు. కిటికీ తెరిస్తే పక్కింటి నీళ్ళ ట్యాంకు కనిపించింది. నీళ్ళే కదా అని సరిపెట్టుకున్నాం. ఒక పూట డోంబివలీ వెళ్ళి భోంచేసి, తమ్ముడి కోపం సగం తగ్గించి వచ్చాం. మిగతా సగం ఇంకా ఉంది.

సభ అయిన మర్నాడు పొద్దున్నే అమ్మ, "గేట్‌వే చూసొద్దామా?" అంది. సంచీలోంచి పాత న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం తీసింది. కొత్త చెప్పులు! ఎప్పుడు కొనుక్కుందో నాకు తెలీదు. నేను గమనించనట్టు జడ వేసుకుంటూ ఉండిపోయాను.

గేట్‌వే దగ్గర పావురాలు, ఫోటోలు తీసేవాళ్ళు, ఎలిఫెంటా వెళ్ళే పడవలవాళ్ళ కేకలు. అమ్మ వాటివేపు చూడలేదు. తిన్నగా రోడ్డు దాటింది. నేను వెనకాల నడిచాను. లోపల నేల నాన్నగారు చెప్పినట్టే ఉంది. అమ్మ ఓసారి పాదాలవంక చూసుకుని అడుగు వేసింది.

మొదటి అంతస్తులో సముద్రం కనిపించే సీ లౌంజ్‌లో కిటికీ పక్కన కూర్చున్నాం. టీ వచ్చింది. షుగరున్న మనిషి, ఇంట్లో చెంచాడు పంచదార కూడా ముట్టదు. ఒకటి, రెండు, మూడు చెంచాలు వేసి కలిపింది.

"మీ నాన్న మూడు వేసేవారు" అంది.

నేను సరేనన్నాను. కప్పు ఖాళీ అయ్యేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. కిటికీలోంచి గేట్‌వే ముందు నిలబడ్డ జనం చిన్నగా కనిపిస్తున్నారు. ఎవరో ఇద్దరు, కొత్తగా పెళ్ళయినవాళ్ళలాగున్నారు, తలెత్తి హోటల్‌వేపే చూస్తున్నారు. అమ్మ వాళ్ళు కదిలేదాకా చూస్తూ కూర్చుంది.

బిల్లు ఆవిడ కంట పడకుండా కట్టేశాను. బయటికొచ్చి నాలుగడుగులు వేశామో లేదో అమ్మ ఆగిపోయింది.

"ఏమిటమ్మా?"

"కొత్తవి కదా, కరుస్తున్నాయి" అంటూ చెప్పులు రెండూ విప్పి చేత్తో పట్టుకుంది. అంత పెద్ద హోటల్ ముందు, అంత జనంలో, వట్టికాళ్ళతో తాపీగా నడుచుకుంటూ వెళ్ళి టాక్సీ ఎక్కింది.