బొటనవేలికి అందే ఫోన్

అబ్బ, చేతిలో ఇమిడే ఫోన్ అంటే ఇంత సుఖమా!

మా ఆడపడుచు కొత్త ఫోన్ కొనుక్కుని, "వదినా, ఇది నువ్వు వాడుకో" అంటూ పాతది నాకిచ్చింది. ఐఫోన్ 13 మినీ, 2021 నాటిది. పట్టుకోగానే నా వేళ్లు వెనకనుంచి చుట్టుకుని అవతలి అంచు మీదికి వచ్చేశాయి. ఏ ఫోనూ నా చేతికి ఇలా దొరకలేదు.

అసలు సంగతి మెట్రోలో తెలిసింది. పొద్దున అమీర్‌పేటలో ఎక్కితే రాయదుర్గం దాకా నిలబడాల్సిందే. ఒక చెయ్యి పైన పట్టీకి పోతుంది, భుజాన బ్యాగు, ఇక మిగిలేది ఒక్క చెయ్యే. ఆ చేత్తోనే మెసేజ్ టైపు చేశాను, ఎడమ పక్క పైమూలనున్న బాణం గుర్తు నొక్కి వెనక్కి వచ్చాను, నోటిఫికేషన్లు కిందికి లాగాను. ఫోన్ చేతిలో ఇసుమంత కూడా జరగలేదు! నా పెద్ద ఫోన్‌తో ఆ మూల అందాలంటే ముందు దాన్ని అరచేతిలో కిందికి జార్చాలి, చిటికెనవేలు అడుగున ఆన్చాలి, ఆపైన బొటనవేలు సాగదీయాలి. అంతలో రైలు కుదిపిందా, ప్రాణం గుప్పిట్లోకి వచ్చేది.

కొలతలు చూస్తే మతిపోయింది. దీని వెడల్పు 64.2 మిల్లీమీటర్లు. బాగా పెద్ద ఫోన్లలో ఒకటైన గెలాక్సీ ఎస్23 అల్ట్రాది 78.1. తేడా ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేదు, కానీ బొటనవేలికి మూల అందడం, అందకపోవడం అక్కడే తేలిపోతోంది. బరువు చూడండి: ఇది 140 గ్రాములకు కాస్త అటూ ఇటూ, అది 234. రాత్రి పడుకుని మొహం మీదికి ఎత్తి పట్టుకుని చదువుతుంటే ఆ తేడా మణికట్టుకు బాగా తెలుస్తుంది.

దుకాణంలో మనం అడిగేది "ఎన్ని అంగుళాలు?" అనే. ఆ అంగుళాలు తెరను మూలనుంచి మూలకు కొలిచినవి. పట్టుకునే చేతికి కావలసింది వెడల్పు, దాని ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. 2013లో స్టీవెన్ హూబర్ అనే డిజైనర్ బయట జనం ఫోన్లు ఎలా పట్టుకుంటున్నారో గమనించి రాశారు. తెర మీద వేలు పెట్టి వాడుతున్నవాళ్లలో 49 శాతం మంది ఒంటిచేత్తోనే కానిస్తున్నారట!

ఇంకో ముచ్చట. ఈ ఫోన్‌కి ఎడమ పక్కన చిన్న మీట ఉంది. గుడి మెట్లెక్కుతూ బ్యాగులోనే తడిమి జరిపాను, మోత బంద్. తీసి చూస్తే మీట పక్కన సన్నటి నారింజరంగు గీత. ఇక తెర వెలిగించి చూడక్కర్లేదు.

2022లో వచ్చిన ఐఫోన్ 14 వరసలో మినీ లేదు, 6.7 అంగుళాల ప్లస్ వచ్చింది. నాకు నిజంగా బాధేసింది. చిన్న చేతులవాళ్లం ఇంతమందిమి ఉన్నాం, మళ్లీ చెయ్యాలి ఇలాంటివి. మీరు ఏ ఫోన్ కొన్నా సరే, కెమెరా చూసే ముందు ఒంటిచేత్తో పట్టుకుని బొటనవేలిని అవతలి పైమూలకు చాపి చూడండి.