చూపు వెనుక

అద్దము ముందర నిలిచి, ఎడమకంటినుండి కుడికంటికిని, కుడికంటినుండి యెడమకంటికిని చూపు మరల్చుచు ఎంత జాగరూకతతో కనిపెట్టినను, నా కనుగ్రుడ్లు కదలుట నాకు గానరాదు. ప్రక్కన నిలిచినవారికి మాత్రము ఆ చలనము స్పష్టముగ గోచరించును. చూపు గెంతునట్టి ఆ క్షణాంశమున దృశ్యమును మెదడు తానే అణచివైచుచున్నది.

ఒక్కొక్క నేత్రగోళమును 6 కండరములు నడుపుచున్నవి. వానిలో నన్ను మిక్కిలి ముగ్ధుని జేసినది పైవక్రకండరము. అది కనుగుంత లోతున బుట్టి, ముక్కుప్రక్కనున్న మృదులాస్థి వలయములో దూరి, గిలకమీది చేదత్రాడువలె వెనుకకు మరలి గ్రుడ్డును పట్టుకొనును. ఆ యొక్కదానికొరకే నాలుగవ కపాలనాడి యేర్పడియున్నది! కుడివైపు చూడదలచినపుడు కుడికంటి వెలుపలి కండరమును, ఎడమకంటి లోపలి కండరమును ఏకాజ్ఞకు లోబడి సంకోచించును.

ఈ చూపుల కదలికనే కళగ మలచిన నాట్యమున, నందికేశ్వరుని గ్రంథమగు అభినయదర్పణము 8 దృష్టిభేదములను చెప్పినది. కూచిపూడి నర్తకి సత్యభామయై కడగంటి చూపగు సాచిదృష్టిని ప్రసరించునపుడు మనము ప్రణయకోపమును చూతుమేగాని, దానిని మోసిన కండరమును తలపము. నిశ్చలముగ చూచుచున్నామనుకొన్నప్పుడును కన్ను సూక్ష్మముగ కంపించుచునే యుండును. బింబము రెటీనాపై నిజముగ స్థిరపడినచో దృశ్యమే వెలిసిపోవును. చలనము లేనిదే స్థిరమైన లోకము మనకు దక్కదన్నమాట. ఇది తెలిసిననాటినుండి నిశ్చలత్వమనగా నేమో నాకు బోధపడుటలేదు.

రెండు కన్నుల చూపునకు పొత్తు కుదరని మెల్లకన్ను బిడ్డకున్నచో, అది అదృష్టచిహ్నమని మన యిండ్లలో పెద్దలు మురిసి యూరకుందురు. ఆ యుపేక్షవలన ఒక కంటిచూపును మెదడు క్రమముగ విడనాడవచ్చును. కావున తల్లులారా, తండ్రులారా, పెరిగినకొలది సరియగునని వేచియుండక, అట్టి బిడ్డను పసితనముననే కంటివైద్యునికి చూపుడు.