కొంగు చాటు నవ్వు

నల్లగొండలో మా పెద్దమ్మ నవ్వితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. సిగ్గేమో అనుకునేదాన్ని. కాదు, గార పళ్ళు. బావినీళ్ళలో ఫ్లోరైడు మరి.

“పండ్లతోటి పోతే మంచిదే బిడ్డా, పక్కింటి పోరనికి కాళ్ళే వంకర తిరిగినయ్” అనేది.

అర్జీలు ఎన్ని పెట్టుకున్నా ఎవరికి పట్టింది? 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుమీద జనం వందలకొద్దీ నామినేషన్లు వేశారు. గెలవడానిక్కాదు, నీళ్ళ గోడు ఢిల్లీకి వినబడాలని. బరిలో 480 మంది! పోలింగు వాయిదా పడింది. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. ఆ ఏడే డిపాజిట్టు 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. కృష్ణా నీళ్ళకన్నా ముందు అదే వచ్చింది లెండి.

పెద్దమ్మ ఓటేసి వచ్చి, “చీటీ ఇస్తరనుకుంటే పంచాంగమిచ్చిండ్రు!” అని ఒకటే నవ్వు. కొంగు సంగతే మరిచిపోయింది.