గొంతుల కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో వేట

శనివారం వస్తే చాలు, ల్యాప్‌టాప్ మూసేసి శాన్‌ఫ్రాన్సిస్కో రైలెక్కేస్తా. మొదటి మజిలీ కొలంబస్ అవెన్యూలోని సిటీ లైట్స్ పుస్తకాల షాపు. 1953లో మొదలైంది. గిన్స్‌బర్గ్ ‘హౌల్’ వేసినందుకు ఓనర్ ఫెర్లింగెట్టి మీద అశ్లీలత కేసు పెట్టారు. 1957లో ఆయనే గెలిచాడు. పక్క సందుకి ఇప్పుడు జాక్ కెరువాక్ పేరు. వీళ్లే అప్పటి అమెరికా పద్ధతులకు ఎదురుతిరిగిన బీట్ రచయితలు.

అక్కణ్నుంచి బస్సులో హైట్ స్ట్రీట్. ఒకప్పటి బౌలింగ్ హాల్లో అమీబా రికార్డుల షాపు ఉంది. ఒక్కో అట్టా తిప్పుతుంటే టైమే తెలీదు. అక్కడే దొరికింది, కెరువాక్ 1959 నాటి ఆల్బమ్, రీఇష్యూ. స్టీవ్ అలెన్ పియానో వాయిస్తుంటే ఈయన చదువుతాడు. మాటలు నచ్చక డాట్ కంపెనీ వెనక్కి తీసుకుంటే హానోవర్ విడుదల చేసింది. పుస్తకంలో బుర్రకెక్కని లైన్లు, ఆయన ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో వింటే అర్థమయ్యాయి.

“యూట్యూబ్‌లో ఫ్రీగా ఉంటే డబ్బులు తగలేస్తావేంట్రా?” అంటాడు రూమ్మేట్.

వాడికి చెప్పని సంగతొకటుంది. శ్రీశ్రీ సొంత గొంతుతో చదివిన ‘మహాప్రస్థానం’ క్యాసెట్ నాన్న దగ్గరుండేది. చిన్నప్పుడు దాని పైనున్న కన్నాలకి ప్లాస్టర్ అంటించి, సినిమా పాటలు రికార్డ్ చేసేశా. నాన్న తిట్టలేదు. కవిత్వం వినడం మాత్రం మానేశారు.

ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఆబిడ్స్ ఆదివారం బజారంతా గాలిస్తా. మీ ఇంట్లో పాత క్యాసెట్లుంటే, పారేసే ముందు ఒక్కసారి వినండి.