బందరు నుంచి కాకినాడకు

గిలకలదిండి, ఏప్రిల్ 10

నాయినా,

బందరు చేరిన. రేపు తెల్లవారుజామున పోటు మీద నా దోస్తు బోటులో మొగ దాటుతం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజన్ పడవలకు వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమిది. ఆ రోజుల్ల దోస్తు తన బోటును కాకినాడలో ఒడ్డెక్కించి, పుచ్చిన పలకలు మార్పించి, రంగు వేయించుకోవాలె. బోటులో పోయేది సరంగు, ముగ్గురు కళాసీలు, నేను.

చిన్నప్పుడు పురానాపూల్ మీద నిలబడి ఈ నీళ్లు ఎటు పోతయని నిన్ను అడిగేటోణ్ని. మూసీ వాడపల్లి కాడ కృష్ణలో కలుస్తది. కృష్ణ ఇక్కడికి దగ్గర్లనే, హంసలదీవి కాడ సముద్రంలో కలుస్తది. గోల్కొండ సుల్తానుల రేవు కూడా ఈ బందరే. కలంకారీ బట్టలు ఇక్కడే ఓడలెక్కినయి, మక్కా యాత్రికులు ఇక్కడి నుంచే పోయిన్రు. షాలిబండలో పుట్టి సముద్రం మనది కాదనుకున్న ఇన్నేండ్లు.

అంతర్వేది, ఏప్రిల్ 11, రాత్రి

నాయినా,

పొద్దంతా దక్షిణపు గాలి వెనక నుంచి తోసింది. ఈ నెలల్లో తీరం వెంట నీటి ఒరవడి కూడా ఉత్తరానికేనట. చలికాలం మొదట్లో అదే నీరు తిరగబడి దక్షిణానికి పోతదట. మధ్యాహ్నం నా కడుపులో తిప్పింది. సరంగు మజ్జిగన్నం పెట్టించి, చుక్కాని పట్టుకోమన్నడు. "కళ్లు మూసుకోండి బాబూ, గాలి ఎటు తిరిగిందో ముందు చెవికి తెలుత్తాది" అన్నడు. నిజమే. ఎడమ చెవికి చల్లగ తగిలినప్పుడల్లా బోటు పక్కకు జరిగేది. చెయ్యి కుదిరినాక కడుపు కూడా కుదుటపడ్డది.

ఇప్పుడు వశిష్ఠ గోదావరి మొగలో లంగరేసినం. దీపస్తంభం వెలుగు నీళ్ల మీద తిరుగుతున్నది.

కాకినాడ, ఏప్రిల్ 13

నాయినా,

నిన్న శాక్రమెంటో దీపస్తంభం దాటకముందే ఇంజన్ ఆగింది, నూనె గొట్టంలో మడ్డి. 1867లో అమెరికా యుద్ధనౌక శాక్రమెంటో గోదావరి మొగ కాడ ఇసుక మేటల మీదికెక్కి పగిలింది. ఆ పేరే దీపస్తంభానిది. మేటల దిక్కు కొట్టుకపోతమేమో అని నాకు గుండె దడ. సరంగు మాత్రం పాత తెరచాప విప్పి కొయ్యకు ఎత్తించిండు. చాప గాలి పట్టంగనే చప్పుడంతా పోయింది, పలకల కింద నీళ్ల సవ్వడే మిగిలింది. రెండు గంటలు అట్లనే నడిచినం. ఆ రెండు గంటల కోసం మళ్లీ పొమ్మన్నా పోతా.

హోప్ ఐలాండ్ చాటుకు రాంగనే అలలు తగ్గినయి. గోదావరి ఒండ్రుతో రెండు వందల ఏండ్లలో పెరిగిన ఇసుక దిబ్బ అది. ఇప్పుడు కాకినాడ రేవుకు అదే అడ్డుగోడ.

ఇయ్యాల కోరంగి దిక్కు పోయిన. 1839 తుపాను ముంచకముందు అది పెద్ద ఓడరేవు. బర్మాలో తెలుగోళ్లను కోరంగీలనే పిలిచిన్రు. అక్కడ ఒక మేస్త్రి కాగితం మీద గీత లేకుండ, కంటితోనే చెక్క పడవ కడుతున్నడు. ఫైబర్ పడవలొచ్చినాక అడిగేటోళ్లు తగ్గిన్రు, కొడుకులు ఈ పనిలోకి రాలేదన్నడు. ఆ చెయ్యి ఆగిపోకముందే నువ్వొకసారి చూడాలె.

రేపు గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్న. వచ్చే ఆదివారం మనిద్దరం హయత్‌నగర్ పోదాం. హయత్ బక్షీ బేగం మసీదు చుట్టూ పాత సరాయి ఉన్నది. బందరు బాటలో పోయేటోళ్లు దిగిన తావు అది. తయారుగ ఉండు.